పాడినవారు లేరు

జనవరి 27, 2022

కొత్త జిల్లా గెజిట్ వచ్చేసింది. జిల్లా కేంద్రం పుట్టపర్తే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి అన్నీ ఇందులోకే.

పొద్దున్నుంచి ఫోన్లు. ఏళ్ళ తరబడి పలకరించని వాళ్ళు కూడా "సార్, ఆరోగ్యమెట్లుంది" అంటున్నారు. రెండో మాట సర్వే నంబరు. కొత్తచెరువు రోడ్డులో మొన్న మొన్నటిదాకా శెనక్కాయ పెరికిన చేన్లలో సున్నం గీతలు కనిపిస్తున్నాయి.

ఒకాయన అడిగాడు, మీ నాన్నగారి కాలం కాగితాలు ఇంకా ఉన్నాయా అని. ఉన్నాయనలేదు, లేవనలేదు.

పెట్టె అటక మీదే ఉంది. 1984లో కరణాల్ని తీసేసినప్పుడు నాన్న రికార్డంతా తాలూకాఫీసుకు అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. సొంత నకళ్ళు మాత్రం ఇంట్లో ఉంచుకున్నాడు. ముట్టుకోలేదు ఎన్నాళ్ళుగానో.

ఫిబ్రవరి 5

నిన్న హిందూపురంలో ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్ష. జిల్లా కేంద్రం తమకే కావాలని. వాళ్ళ బాధలో న్యాయముంది. పెద్ద ఊరు అదే కదా.

కానీ హిందూపురం మాత్రం ఎప్పటి నుంచి పెద్ద ఊరు? గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా పట్టాలు పడ్డది 1890ల తొలి ఏళ్ళలో. ఆ తర్వాతే బెల్లం, చింతపండు మూటలు బండ్లు దిగి రైలెక్కాయి. 1920కల్లా మునిసిపాలిటీ. ధర్మవరం జంక్షనైంది. అప్పుడు మన పుట్టపర్తి? చిత్రావతి గట్టున పుట్టలు, పాములు, కొన్ని గడపలు. సత్యసాయి బాబా ప్రశాంతి నిలయం కట్టింది 1950లో. విమానం దిగింది 1990ల్లో. రైలు స్టేషనుకు 2000 దాకా ఆగాల్సొచ్చింది.

ఊరు పెరిగిన ప్రతిసారీ చుట్టూ ఉన్న చేన్లు ఎవరివో వాళ్ళు ఏమయ్యారు? అది ఎక్కడా రాయలేదు. నేను పనిచేసిన రెవెన్యూ ఆఫీసు రికార్డులో కూడా ఆ కాలమ్ లేదు. పట్టాదారు పేరు కొట్టేస్తాం, పైన కొత్తది రాస్తాం. అంతే.

ఫిబ్రవరి 19

అల్లుడు బెంగుళూరు నుంచి ఫోన్. "మామయ్యా, మీ ఊళ్ళో ఒక వేలం నోటీసు చూసినాను. ఐదెకరాల డెబ్బై సెంట్లు. చెరువు కిందికి దగ్గర. రికార్డు ఎట్లుందో చూసి చెప్తారా? బాగుంటే మనమే పాడదాం."

నంబరు చెప్పమన్నా. చెప్పాడు.

పెన్ను కింద పెట్టేశా.

అది జతగాడి చేను.

ఫిబ్రవరి 20

నిద్ర లేదు.

మార్చి 3

పోయినా. జతగాడు ఇంటి ముందర అరుగు మీదే ఉన్నాడు. ఒకటో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు, నేను పలక పగలగొట్టుకుంటే తన పలక ఇచ్చి ఇసకలో రాసుకున్నవాడు. ఇప్పటికీ నన్ను "సామీ" అనే అంటాడు. ఎన్నిసార్లు వద్దన్నా.

"నోటీసొచ్చిందంట గదప్పా."

"వచ్చింది సామీ. గోడకంటించి పోయినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

మాట్లాడలేదు. చేతిలో తుండుగుడ్డ మడత పెడతా, విప్పతా ఉన్నాడు.

వాళ్ళావిడ మజ్జిగ తెచ్చింది. ఆమే చెప్పింది. మొదటి బోరు మూడేండ్లు పారింది. రెండోది ఒక్క ఎండాకాలం. మూడోది వేసినప్పుడు తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఒక సంస్థలో కుదువ పెట్టిన అప్పు, దాని మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ. ఇప్పుడు పదమూడు లక్షల చిల్లర. ఆర్.ఆర్. చట్టం, అంటే రెవెన్యూ రికవరీ చట్టం కింద తహసీల్దారు జప్తు చేసినాడు. జప్తయ్యాక సొంతంగా అమ్ముకునేదానికీ లేదు.

"ఇన్నాళ్ళూ కొనేటోడే లేడు సామీ. ఇప్పుడు అందరూ కొనేటోళ్ళే. అమ్మే హక్కు నాకు లేదు." ఇదొక్కటే అన్నాడు.

అల్లుడి సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయినా.

మార్చి 12

పెట్టె దించినా. చెదలు పట్టలేదు. వేపాకు, కర్పూరం. నాన్న ఎంత జాగ్రత్త మనిషో.

అడుగున ముత్తాత చేతిరాత. గొలుసుకట్టు. అక్షరం మీద నుంచి చెయ్యెత్తకుండా వరసంతా రాసేవాళ్ళు. మొదటి పుట చదివేందుకు మధ్యాహ్నమంతా పట్టింది. తర్వాత చెయ్యి ఆనవాలు దొరికింది.

ఫసలీ 1286. ధాత కరువు ఏడు.

ఊరి పట్టాదార్ల పేర్లు వరుసగా ఉన్నాయి. పక్కన శిస్తు. దాని పక్కన బాకీ. దాని పక్కన చాలా చోట్ల ఒకే మాట: ఫౌతీ. చచ్చిపోయినాడని. కొన్నిచోట్ల 'పరారీ'. మైసూరు సీమకు పోయినారో, దారిలోనే పోయినారో ఎవరికి తెలుసు. మనమప్పుడు బళ్ళారి జిల్లానే కదా, అనంతపురం విడిపోయింది 1882లో. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్ళారి జిల్లాలో దాదాపు ఐదో వంతు జనం తగ్గారు. ఆ ఐదో వంతులో కొందరు ఈ వరుసలో ఉన్నారు. పేర్లతో సహా.

కరువు పనికి పోయినోళ్ళకు రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు టెంపుల్ దొర. ఇక్కడ శిస్తు బాకీ మాత్రం అణా పైసలతో సహా ముందు ఏటికి ఎక్కించి ఉంది.

ఆ తర్వాతి ఫసలీల్లో వేలం చిట్టా. 1864 రికవరీ చట్టం. తప్పెట కొట్టించిన తేదీ. పాటకు పెట్టిన తేదీ. తర్వాతి కాలమ్‌లో ముత్తాత అందరికీ ఒకటే రాసుకుంటూ పోయినాడు.

పాడినవారు లేరు. సర్కారువారు తీసుకొన్నారు.

పాడినవారు లేరు. సర్కారువారు తీసుకొన్నారు.

పుట తిప్పినా అదే.

జతగాడి చేను నంబరు పాతది వేరే. ఎఫ్.ఎం.బి. పటంతో సరిచూసినా. వంకపక్క మూల, చింతచెట్టు గుర్తు. అదే. అది కూడా ఆ వరుసలోనే ఉంది. పాడినవారు లేరు.

మార్చి 13

ముత్తాతకు ఎట్లా ఉండేదో ఆ మాట రాసేటప్పుడు. తన ఊరివాళ్ళే గదా. రాసి, ఇసక చల్లి, ఆరబెట్టి... సాయంత్రం వాళ్ళ ఇండ్ల ముందు నుంచే నడిచి ఇల్లు చేరాలి.

మార్చి 14

పాత నోటుబుక్కులో ఎప్పుడో రాసుకున్న లెక్క దొరికింది. బొంబాయి సర్కారులో పనిచేసి రిటైరైన రోజర్స్ అనే దొర 1890ల్లో లండన్‌కు రాసింది. మద్రాసు రాజధానిలో 1879-80 నుంచి 1889-90 దాకా పదకొండేళ్ళలో శిస్తు బాకీకి వేలం వేసిన భూమి 19,63,364 ఎకరాలు. బాకీదార్లు 8,40,713 మంది. అందులో 11,74,143 ఎకరాలకు పాడేవాడే లేక సర్కారే తీసుకుంది. వందకు అరవై ఎకరాలు.

సర్వీసులో ఉన్నప్పుడు ఈ అంకెల్ని ఎన్నోసార్లు చూసినా. అంకెలుగానే చూసినా. ఇప్పుడు మా ఊరి చిట్టా పక్కన పెట్టుకుని చూస్తే చదవలేకపోతున్నా.

శిస్తు పెట్టినవాడు ఇది న్యాయమైన శిస్తే అన్నాడు గదా. న్యాయమైన శిస్తైతే ఆ భూమికి వందలో అరవై వంతులు కొనేవాడే ఎందుకు లేడు? రోజర్స్ అడిగిందీ అదే. ఆయన ప్రశ్నకు ఆ చట్టంలో ఒక్క అక్షరమైనా మారినట్టు నాకు తెలియదు.

ఇంకోటి కూడా అనిపిస్తుంది. కరువులో డబ్బు లేక పాడలేదనేది ఒకటి. కానీ ఊళ్ళో నాలుగు రాళ్ళున్నవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. వాళ్ళెందుకు పాడలేదు? పక్కింటోడి చేను పాడి, ఎట్లా తల ఎత్తుకుని తిరగాలి అనుకున్నారా? నా చిన్నప్పుడు కూడా చూసినా. తప్పెట మోగితే మగవాళ్ళు కావాలనే చేనికి పోయేవాళ్ళు. రచ్చబండ ఖాళీ.

మార్చి 20

రికార్డు పూర్తిగా తీసినా.

సర్కారు తీసుకున్నాక చాలా ఏళ్ళు బంజరు. ఫసలీ 1358లో, అంటే 1948-49లో, జతగాడి తాత దరఖాస్తు పెట్టుకుంటే పట్టా ఇచ్చారు. 1954 జూన్ 18 జీవో తర్వాత ఇచ్చినదైతే అమ్మకూడదనే షరతు ఉండేది. ఇది అంతకు ముందుది. ఏ షరతూ లేదు. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో లేదు. చుక్కల భూమి కాదు. అడంగల్, 1-బి, ఆర్.ఎస్.ఆర్. అన్నీ కలుస్తున్నాయి.

నా సర్వీసు మొత్తంలో ఇంత శుభ్రమైన కాగితం చూడలేదు. ఆ శుభ్రతే వాడి మెడకు చుట్టుకుంది.

అల్లుడికి ఏం చెప్పాలి?

మార్చి 23

చెప్పినా. రికార్డు బాగుందని చెప్పినా. అబద్ధం రాలేదు నోటికి, ముప్పై ఏళ్ళ అలవాటు. "కానీ మీరు పాడొద్దు" అన్నా.

"మనం పాడకపోతే ఇంకెవరో పాడతారు మామయ్యా. ఆయనకు వచ్చేది ఏమీ మారదు గదా. పైగా మనమైతే ఆయన్నే చేను చూసుకోమనొచ్చు."

తప్పు మాట్లాడలేదు ఆ పిల్లవాడు. లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది. ఏం చెప్పాలో తోచక, అమ్మాయికి ఫోనివ్వమన్నా. అమ్మాయి కూడా ఏమీ అనలేదు. "ఎండలు ఎట్లున్నాయి నాన్నా" అంది.

ఏప్రిల్ 2

ఉగాది. శుభకృత్. పచ్చడిలో వేపపువ్వు మా పెరట్లోదే.

పంచాంగ శ్రవణంలో రియల్ ఎస్టేటుకు ఆదాయం ఎక్కువని చెప్పారు. అందరూ చప్పట్లు.

ఏప్రిల్ 4

జిల్లా పుట్టింది. ముఖ్యమంత్రి తాడేపల్లిలో మీట నొక్కితే ఇక్కడ టపాకాయలు. నాక్కూడా సంతోషమే. అనంతపురం పోయి కలెక్టరాఫీసు మెట్ల మీద పొద్దంతా కూర్చున్న ముసలివాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు. ఇక మీదట వాళ్ళు మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. దీన్ని తక్కువ చేసి రాయకూడదు.

సాయంత్రం గణేశ్ గేటు దగ్గర టీ తాగుతుంటే పక్క బెంచీలో మాటలు. ఎకరా ముప్పై అంట. లేదు, రోడ్డు మొహమైతే నలభై అంట. మరుసటి వారానికి యాభై అవుతుందంట.

ఏప్రిల్ 24

బాబా ఆరాధన. ఆయన పోయి పదకొండేళ్ళు.

2011లో ఈ రోజు తర్వాత ఈ ఊరి సంగతి అయిపోయిందన్నారు. నిజంగానే లాడ్జీలు మూతపడ్డాయి. ప్లాట్లు కొన్న బయటివాళ్ళు ఎంతకైనా అమ్మిపెట్టమని తిరిగారు. అప్పుడే జతగాడు నాతో అన్నది గుర్తుంది. "ఊరు పెరిగినా తరిగినా నా చేన్లో శెనక్కాయ అదే కాయ కాస్తుంది సామీ." అప్పటికింకా మొదటి బోరు పారుతోంది.

భూమి ధర పెరిగేదీ పడేదీ భూమి వల్ల కాదు. బాబా సమాధి చుట్టూ తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని ఇదే అనుకుంటూ ఉన్నా.

మే 9

పెళ్ళికని పెనుకొండ. తిరుగుదారిలో ఎర్రమంచి దగ్గర కియా ముందు బస్సు ఆగింది. నేను వీఆర్వోగా చివరి ఏట్లో ఉన్నప్పుడు, 2017లో, ఇక్కడ ఎర్రమట్టి, రాళ్ళు, గొర్రెలు. 2019 డిసెంబరుకల్లా కార్లు వరసగా బయటికొస్తున్నాయి. ఇప్పుడు హోటళ్ళ మీద కొరియా రాత. ఫ్యాక్టరీకి గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు. పిల్లలకు పనులొచ్చాయి. మా చెల్లెలి మనవడు కూడా అందులోనే.

పైన కోటగోడ. కింద గగన్ మహల్. తళ్ళికోట యుద్ధం తర్వాత రాయలవారి రాజధాని ఇది. వాళ్ళు బుక్కపట్నం చెరువు లాంటివి తవ్వించి పోయారు. ఆ చెరువు కిందే జతగాడి చేను. కట్టినవాళ్ళు చెరువుకు ఎన్ని ఎకరాలు పారుతుందో చూసుకున్నారు. ఇప్పుడు నోటీసులో చెరువు మాట 'నీటి వనరుకు సమీపం' అని రాశారు. విల్లాలకు బాగుంటుందనే కాబోలు.

మే 16

ఊళ్ళో రీసర్వే. రోవరు పట్టుకుని కుర్రాళ్ళు. చిన్న కర్ర, పైన గొడుగు లాంటిది, ఆకాశంలోని ఉపగ్రహాల్తో మాట్లాడుతుందంట. సెంటీమీటర్ల దాకా చెబుతుందంట. ముచ్చటేసింది. నేను గొలుసు లాగిన వాణ్ణి.

మన్రో 1802లో సర్వే మొదలుపెట్టించినప్పుడు ముప్పైమూడు అడుగుల గొలుసు. నలభై గుంటలు ఎకరా. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాక ఏడేళ్ళు ఆయనే ఇక్కడ పెద్ద. పాలెగాళ్ళను అణిచినాడు, చేను చేనుకీ శిస్తు కట్టినాడు. వెళ్తూ వెళ్తూ 1807లో, రైతుకు పావు వంతు తగ్గించండి, లేకపోతే ఈ పద్ధతి నిలవదు అని రాసి పోయినాడు. అప్పుడు పైవాళ్ళు వినలేదు. జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో గవర్నరుగా మళ్ళీ ఇటే వచ్చి పత్తికొండలో కలరాతో పోయినాడు.

రైతు నేరుగా సర్కారుకు బాధ్యుడు కావాలని ఆయన కోరింది రైతు మేలుకే. నేను నమ్ముతా. కానీ నేరుగా బాధ్యుడైనవాడు వాన రాని ఏడు నేరుగా వేలానికీ బాధ్యుడైనాడు. మధ్యలో ఎవరూ లేరు ఆపేదానికి.

రోవరు కుర్రాడు అడిగాడు, "తాతా, ఈ గట్టు ఎవరిది?" జతగాడిది అని చెప్పినా. ట్యాబులో చూసి, "దీనికి అటాచ్‌మెంట్ ఉంది" అన్నాడు.

జూన్ 6

తప్పెట మోగింది. పదహారో తేదీ పాట.

తప్పెట కొట్టినాయన జతగాడి ఇంటి ముందర ఆగలేదు. కొట్టకుండా దాటి, తర్వాతి ఇంటి దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. గ్రామ సహాయకుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

జూన్ 15

అల్లుడి నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

జూన్ 16

పదకొండు గంటలకు పాట, గ్రామ సచివాలయం ముందర. వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. డిప్యూటీ తహసీల్దారు, ఆర్.ఐ., ఆ సంస్థ మనిషి. నాకు తెలిసినవాళ్ళే కొందరు, నా తర్వాత వచ్చినవాళ్ళు. నన్ను కూడా కుర్చీలో కూర్చోమన్నారు. నిలబడే ఉన్నా.

ఊరివాళ్ళు ఎవరూ రాలేదు. రాలేదంటే రాలేదు. రచ్చబండ ఖాళీ, అంగడి మూసేశారు. పొద్దున్నే నాలుగిళ్ళ కోళ్ళ అరుపు తప్ప ఇంకో శబ్దం లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదని నాకు తెలుసు. చెప్పుకోనక్కర్లేదు. పోయిన ఏడాది గట్టు తగాదాలో జతగాడితో పోలీస్ స్టేషన్ దాకా పోయిన పక్క చేను ఆయన కూడా తెల్లవారకముందే ధర్మవరం బస్సెక్కాడని తర్వాత తెలిసింది.

జతగాడు వచ్చినాడు. తెల్లపంచె, ఉతికిన చొక్కా. చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తలూపాడు.

బయటి కార్లు మూడు. డిపాజిట్టు కట్టినవాళ్ళు నలుగురు.

సర్కారు పాట చదివారు. ఒకసారి. ఎవరూ పలకలేదు. ఆ కొద్ది క్షణాలు, ముత్తాత రాసిన మాటే మళ్ళీ నిజమవుతుందేమో అనిపించింది. తర్వాత నల్ల కళ్ళద్దాల కుర్రవాడొకడు చెవిలో ఫోను పెట్టుకుని పాడటం మొదలుపెట్టాడు. అవతల ఎవరో చెబుతుంటే ఇవతల వీడు పలుకుతున్నాడు. "యాభై." ఆగి, విని, "యాభై రెండు."

ఫోనులో అవతల ఎవరు? నాకు కాళ్ళలో వణుకొచ్చింది. ఆ గొంతు కన్నడంలో మాట్లాడుతుందా తెలుగులోనా? వినాలని దగ్గరికి పోయినా. వినపడలేదు. లేక వినదల్చుకోలేదో.

అరవై లక్షలకు నిలిచింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పదిహేను శాతం అక్కడికక్కడే కట్టినాడు.

కుర్రవాడు పోతూ జతగాడి దగ్గర ఆగి, "పెద్దాయనా, నీళ్ళు యాడ దొరుకుతాయి?" అని అడిగాడు. వీడు చెయ్యెత్తి కుళాయి చూపించాడు.

ఊరు పాడలేదు. ఊరు పాడకపోతే ఏమైంది? ఆ రోజుల్లో పాడకపోతే సర్కారు తీసుకుంది, డెబ్బై ఏళ్ళకు మనవళ్ళకో పక్కవాళ్ళకో మళ్ళీ ఇచ్చింది. ఇప్పుడు పాట ఊరికి సంబంధించింది కాదు.

జూన్ 17

ముప్పై రోజులు.

రాత్రి పన్నెండుకు గుర్తొచ్చింది. లేచి లైటేసి చట్టం పుస్తకం తీసినా. 37-ఎ. పాట జరిగిన ముప్పై రోజుల్లోపల బాకీ మొత్తం, పాడినవాడికి పాట సొమ్ములో ఐదు శాతం, డిపాజిట్టు చేస్తే పాట రద్దు. రద్దు చేయాల్సిందే. 1864 చట్టంలో ఇంత దయ ఉన్న అక్షరాలు ఇవొక్కటే. జులై 16 లోపల.

బాకీ పదమూడు లక్షల చిల్లర. ఐదు శాతం మూడు లక్షలు.

తెల్లవారేదాకా ఆగలేకపోయినా. చీకట్లోనే పోయి తలుపు కొట్టినా. "ఎవరికన్నా ఏమన్నా అయిందా సామీ" అంటూ లేచొచ్చాడు.

జూన్ 21

ఎవరి దగ్గరుంటుంది పదహారు లక్షలు? ఊళ్ళో అందరూ ఇస్తామన్నారు, ఉన్నంతలో. ఒకామె మహిళా సంఘం డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. పాట రోజు తలుపులు మూసుకున్నవాళ్ళే ఇవాళ తలుపులు తెరిచారు. కలిపితే రెండు లక్షలు కాలేదు. తిరిగి ఇచ్చేశాం.

జూన్ 29

దారి ఒక్కటే ఉంది, అది మంచి దారి కాదు. రోడ్డువైపు ఎకరా. లేఅవుట్ ఆయన ఒకడు ముందు డబ్బు కడతానన్నాడు. ఎకరా ముప్పై పలుకుతున్న చోట పదమూడున్నరకు అడిగాడు. గడువు అతనికీ తెలుసు.

జతగాడు రాత్రంతా ఏమీ అనలేదంట. పొద్దున వచ్చి, "ఎకరా పోయినా నాలుగెకరాల డెబ్బై సెంట్లు చెరువు పక్కది మిగుల్తుంది గదా. రాయి సామీ" అన్నాడు.

అగ్రిమెంటు నేనే రాసినా. మూడు లక్షలు నా డిపాజిట్టులోంచి తీసినా, ఇంట్లో ఆమెతో చెప్పే. ఆమె బీరువా తాళం ఇచ్చి వంటింట్లోకి పోయింది. ఒక్క ప్రశ్న వేయలేదు.

జులై 11

కట్టేశాం. రసీదులు తీసుకున్నా.

ఐదు శాతం ఎవరికి పోతుందో ఆ కాగితంలో పేరు చూసినా. ఎవరో. ఎప్పుడూ వినని పేరు. మళ్ళీ ఒకసారి చూసినా.

సాయంత్రం అల్లుడికి నేనే ఫోన్ చేసినా. పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకున్నాం. చివర్లో, "మామయ్యా, ఆ ఐదెకరాల సంగతేమైంది?" అన్నాడు. పాట రద్దయిందన్నా. "మంచిది" అన్నాడు. మనసులోంచే అన్నాడనిపించింది.

ఆగస్టు 28

పేపర్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ సంగతి. 2009లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో తీసుకున్న 8,844 ఎకరాలు. ఒక్క పరిశ్రమా రాలేదు. బ్యాంకుల్లో కుదువ పెట్టారు. ఇప్పుడు దివాలా లెక్కల్లో ఐదు వందల కోట్లకు ఎవరికో పోతుందంట.

ఆ మండలాల్లో ఎన్ని ఎకరాలకు ముత్తాత లాంటి కరణాలు 'పాడినవారు లేరు' అని రాసి ఉంటారు? తర్వాత అదే బంజరు. అదే దరఖాస్తు పట్టా. అదే గొర్రెలు, అదే శెనక్కాయ. మళ్ళీ అదే సర్కారు వచ్చి ఎకరాకు ఇంత అని చేతిలో పెట్టి తీసుకుంది. ఇప్పుడు ఆ పట్టాదారు ఊళ్ళో కూలి. ఈ సారి పాటలో అతని పేరు బాకీదారుగా కూడా లేదు.

కోపమొస్తోంది. ఈ వయసులో కోపం మంచిది కాదంటారు డాక్టర్లు.

అక్టోబరు 14

వానలు. చిత్రావతి నిండుగా పారుతోంది. బుక్కపట్నం చెరువు మరవ పోతోంది. జనం చూడ్డానికి కట్ట మీద తిరునాళ్ళలా చేరారు. జతగాడు మరవ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, చిన్నపిల్లవాడిలా.

రోడ్డువైపు ఎకరాలో రాళ్ళు పాతేశారు. ముప్పై అడుగుల రోడ్డు, ప్లాట్లు, రంగు జెండాలు. మిగతా దాంట్లో వరి వేస్తానంటున్నాడు. ఎన్నేళ్ళకో వరి.

నా మూడు లక్షలు పంట మీద ఇస్తానంటాడు. వద్దంటే ఊరుకోడు. తీసుకుంటా.

అక్టోబరు 22

సచివాలయంలో నోటీసు బోర్డు చదివినా. కొత్తగా ఇంకో నాలుగు జప్తులున్నాయి, చుట్టుపక్కల ఊళ్ళవి. ఒకదానికి పాట అయిపోయి వారమే. ముప్పై రోజుల సంగతి ఎక్కడా రాసిలేదు. రాయాలని చట్టంలోనూ లేదు.

ఆ రైతు పేరు, ఊరు రాసుకున్నా. గడువు నవంబరు 13తో ముగుస్తుంది. రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు పోతున్నా. జతగాడు కూడా వస్తానన్నాడు.